శాల్తీలు సరిపోయాయి, జాడీ పగిలింది

మొన్న రాత్రి పదిన్నరకి నా ఇంజినీరింగు క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. ఉభయ కుశలోపరి అయ్యాక అసలు విషయానికొచ్చాడు. "రేయ్, మా డేటాబేసుని పాత మెషీను నుంచి కొత్త మెషీనుకి మార్చమంటున్నారు. రెండొందల జీబీ ఉంటుంది. శనివారం రాత్రి కూర్చుంటే ఆదివారం పొద్దున్నకి అయిపోతుందా?"

"కాపీ అవ్వడానికి మూడు గంటలు, మార్చడానికి మూడు వారాలు" అన్నాను.

జోకనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చెబుదామనే ఈ టపా. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని చదవండి :)

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. చిన్నప్పుడు రెండు మూడేళ్ళకోసారి ఇల్లు మారేవాళ్ళం. లారీ వచ్చే ముందు రోజు అమ్మ ప్రతి పెట్టె మీదా సుద్దముక్కతో నంబరు వేసి, ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఎక్కించేటప్పుడు ఇన్ని శాల్తీలు, దించేటప్పుడు ఇన్ని శాల్తీలు. ఒకసారి కొత్త ఊళ్ళో లారీ దిగాక లెక్క చూస్తే అచ్చంగా సరిపోయింది. నాన్నగారు లారీవాడికి డబ్బులిచ్చి పంపించేశారు. సాయంత్రం పెట్టెలు విప్పితే ఆవకాయ జాడీ అడ్డంగా పగిలి, నూనె కింది పెట్టెలోని పట్టుచీరల దాకా దిగింది. శాల్తీల లెక్క మాత్రం ఇప్పటికీ తప్పులేదు!

ఇరవై ఏళ్ళ తరవాత నేను సరిగ్గా అదే పని చేశాను. కాకపోతే నా జాడీలో ఉన్నది మనుషుల వైద్య పరీక్షల చరిత్ర.

2024 సంగతి. మాకొక క్లయింటు ఉండేవారు. పేరు అనవసరం. కోస్తా జిల్లాల్లో 14 శాఖలున్న రోగనిర్ధారణ ల్యాబులు వాళ్ళవి. రక్తపరీక్షలు, స్కానింగులు, రిపోర్టులు అన్నీ మా సాఫ్ట్‌వేరులోనే. వెనకాల పోస్ట్‌గ్రెస్ 12 డేటాబేసు, దాని కింద సెంట్‌ఓఎస్ 7. ఆ సెంట్‌ఓఎస్‌కి 2024 జూన్ 30తో కాలం చెల్లిపోతుందని ముందునుంచీ తెలుసు. తెలిసినా మన సంప్రదాయం ప్రకారం జూన్ వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు మా లీడ్ పిలిచి, "రాకీ లినక్స్ 8 తో కొత్త మెషీను ఇచ్చారు, ఈ శనివారం రాత్రి మార్చేసెయ్. కాపీయే కదా" అన్నారు.

కాపీయే కదా. ఈ రెండు ముక్కలూ మన పరిశ్రమలో ఎన్ని శనివారాల్ని మింగాయో!

నేనూ మరీ గాలికి చెయ్యలేదు లెండి. కొత్త మెషీను మీద ముందే రెప్లికా పెట్టాను. అంటే పాత మెషీనులో ఏ మార్పు జరిగినా అది వెంటనే కొత్తదానికి చేరుతూ ఉంటుంది. స్కాన్ చేసిన రిపోర్టుల ఫోల్డరు దాదాపు 900 జీబీ, దాన్ని ఆర్‌సింక్‌తో నాలుగు రోజుల ముందునుంచే కాపీ పెట్టాను. శనివారం రాత్రి పదకొండింటికి అప్లికేషన్ ఆపి, రెప్లికా చివరి మార్పు దాకా అందుకుందని చూసుకుని, దాన్నే అసలు డేటాబేసుగా చేసేశాను. ఫైళ్ళకి చివరి విడత ఆర్‌సింక్ కొట్టాను. టేబుళ్ళలో వరుసలు లెక్కపెట్టాను, పాతదీ కొత్తదీ ఒక్క అంకె తేడా లేదు. ఓ పది మంది పేషెంట్ల రికార్డులు తెరిచి చూశాను, చక్కగా వచ్చాయి. పన్నెండుంపావుకల్లా సైటు లేచింది. "మైగ్రేషన్ విజయవంతం" అని మెయిల్ కొట్టాను. మా లీడ్ బొటనవేలు బొమ్మ పంపారు. నాలుగో రోజున, అద్దె దండగని పాత మెషీను తుడిచేసి వెనక్కి ఇచ్చేశారు.

ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్లేదు పెద్దలు.

తొమ్మిదో రోజు పొద్దున్న ఒక శాఖ నుంచి రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఒక పెద్దాయన నెలనెలా క్రియాటినిన్ పరీక్షకి వస్తారండీ. నాకు మొహం కూడా గుర్తే. కార్డు నంబరు కొడితే కొత్త మనిషి అంటోందండీ మీ సిస్టమ్." నేను మామూలుగా మనం అడిగేదే అడిగాను. "నంబరు సరిగ్గా కొట్టారా అండీ?" పాపం మూడుసార్లు కొట్టి చూపించింది. నిజంగానే లేదు.

మాకు ఉండే ఒక వెసులుబాటు ఇక్కడ కొంప ముంచింది. పాత కాగితం రిజిస్టర్ల కాలంనాటి కార్డులు పట్టుకుని కొందరు వచ్చేవాళ్ళు. వాళ్ళ నంబరు సిస్టమ్‌లో దొరక్కపోతే, అదే నంబరుతో కొత్తగా ఎక్కించుకోవచ్చని మేమే ఒక బటన్ పెట్టాం. ఉన్న నంబరే మళ్ళీ ఎక్కిస్తే డేటాబేసు ఒప్పుకోదు కదా, యునీక్ అని పెట్టాం కదా అని ధైర్యం. ఆ తొమ్మిది రోజుల్లో 143 మంది అలా రెండోసారి పుట్టారు! డేటాబేసు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఒక మనిషి మూత్రపిండాల పరిస్థితి తెలియాలంటే ఈ నెల అంకె ఒక్కటే చాలదు. పోయిన నెల ఎంత, ఆర్నెల్ల క్రితం ఎంత, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది డాక్టరు చూస్తారు. మా రిపోర్టులో పాత విలువల కాలమ్ ఉండేది. కొత్తగా పుట్టిన 143 మందికీ ఆ కాలమ్ ఖాళీ. ఖాళీగా ఉంటే డాక్టరు ఏమనుకుంటారు? ఈయనకి ఇదే మొదటిసారి అనుకుంటారు. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఎర్ర అక్షరాలు లేవు, అలారం మోగలేదు. తప్పు చాలా మర్యాదగా జరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం కూర్చుని తవ్వడం మొదలుపెట్టాం. పెద్దాయన నంబరుతో డేటాబేసుని నేరుగా అడిగితే లేదంది. ఇండెక్స్ వాడకుండా టేబులంతా వెతకమని చెప్పి అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, ఇదిగో ఉన్నాడంది! నాకు ఒళ్ళు చల్లబడింది. అంటే డేటా భద్రంగా ఉంది, దాన్ని వెతికే దారి చెడిపోయింది.

ఎందుకు చెడిందో చెబుతాను. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు, చివరివాణ్ణి అవ్వాలని మాత్రం కోరిక.

మనకి బళ్ళో అక్షరమాల నేర్పినప్పుడు 'క్ష' ని చిట్టచివర నేర్పుతారు. కానీ చాలా నిఘంటువుల్లో 'క్షమ' అన్న మాట క కింద ఉంటుంది. చివర వెతికేవాడికి ఆ పుస్తకంలో క్షమ లేనట్టే. పుస్తకంలో పేజీ ఏదీ చిరగలేదు, వెతికేవాడికి తెలిసిన వరుస వేరు, పుస్తకం అచ్చేసినవాడి వరుస వేరు, అంతే. డేటాబేసు ఇండెక్సు కూడా వరుసలో పేర్చిన నిఘంటువే. ఆ అక్షరాల వరుస ఏమిటన్నది పోస్ట్‌గ్రెస్ మామూలుగా తనంతట తాను నిర్ణయించదు, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. లినక్స్‌లో ఆ పని జీలిబ్‌సీ అనే లైబ్రరీది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఈ వరుస నియమాలు బాగా మారాయి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17, రాకీ 8లో ఉన్నది 2.28.

మా కార్డు నంబర్లు శాఖ నంబరు, అడ్డగీత, వరుస సంఖ్య అన్న పద్ధతిలో ఉండేవి. 1-31, 12-45 ఇలా. పాత నియమంలో పోల్చేటప్పుడు ముందు అడ్డగీతని పట్టించుకోరు. కాబట్టి 131 కంటే 1245 ముందొస్తుంది, అంటే 12-45 ముందు, 1-31 తరవాత. కొత్త నియమంలో అడ్డగీతకీ ఒక స్థానం ఉంది, అది అంకెలకంటే ముందు. కాబట్టి 1-31 ముందు, 12-45 తరవాత. నేను డేటా ఫైళ్ళని ఉన్నవున్నట్టుగా తెచ్చాను కాబట్టి ఇండెక్సు పాత వరుసలో పేర్చి ఉంది. కొత్త మెషీను మాత్రం కొత్త వరుసలో వెతుకుతోంది. కొన్ని నంబర్లు దొరుకుతాయి, కొన్ని దొరకవు. నేను చూసిన పదీ నా ఖర్మకొద్దీ దొరికే పదే.

యునీక్ కట్టుబాటు ఎందుకు ఆపలేదంటారా? అది కూడా ఇండెక్సులోనే కదా వెతుకుతుంది. దానికీ కనబడలేదు. వరుసలు లెక్కపెడితే ఎందుకు తేలలేదంటారా? శాల్తీలు సరిపోయాయి కాబట్టి.

తమాషా ఏంటంటే ఈ సంగతి పోస్ట్‌గ్రెస్ వాళ్ళ వికీలో ఎప్పటినుంచో రాసి ఉంది. పాతదో కొత్తదో తెలుసుకోవడానికి రెండు పదాలు వరుసలో పెట్టి చూసే చిట్కా కూడా ఉంది. "1-1", "11" ఈ రెంటినీ సార్ట్ చేస్తే పాత మెషీను 11 ని ముందు చూపిస్తుంది, కొత్తది 1-1 ని ముందు చూపిస్తుంది. పది సెకన్ల పని. నేను చెయ్యలేదు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేసు వరుస నియమాల వెర్షను మారితే హెచ్చరిక వస్తుంది. మాది 12 కాబట్టి అదీ లేదు.

ఇండెక్సులు తిరగకడితే సరిపోతుందిగా అంటారేమో. ముందైతే సరిపోయేది. జంట నంబర్లు చేరిపోయాక యునీక్ ఇండెక్సు కట్టబోతే కట్టదు. వెనక్కి పోదామంటే తొమ్మిది రోజుల కొత్త పరీక్షలు కొత్త మెషీనులోనే ఉన్నాయి, పైగా పాతది తుడిచేశాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ల్యాబు నుంచి ఇద్దరిని కూర్చోబెట్టుకుని, ఐదు సాయంత్రాలు 143 జంటల్ని ఒక్కొక్కటిగా చూసి కలిపాం. ఆ పెద్దాయనకి ఏమీ కాలేదు. దానికి కారణం నేను కాదు, మా సాఫ్ట్‌వేరూ కాదు. ఆ రిసెప్షన్ అమ్మాయికి ఆయన మొహం గుర్తుంది, ఆయన సంచిలో పాత కాగితాలున్నాయి. అంతే.

సరే, ఇదంతా ఎందుకు చెప్పానంటే నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. డేటాబేసు మార్పిడి అనగానే మనం అంతా కాపీ గురించే ఆలోచిస్తాం. ఎంత వేగంగా కాపీ అవుతుంది, ఎంతసేపు సైటు ఆగుతుంది, ఇవే ప్రశ్నలు. నా మట్టుకు నాకు ఆ పనిలో కాపీ అన్నది పదో వంతు. మిగతా తొమ్మిది వంతులూ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పుకోవడమే. సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది? రాలేదని తెలిస్తే వెనక్కి ఎలా వెళ్తాం? ఈ రెంటికీ జవాబు లేకుండా శనివారం రాత్రి ఒక్కణ్ణి కూర్చోబెట్టడం పొదుపు కాదు, జూదం.

పెద్ద పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన 52 లక్షల ఖాతాదారుల వివరాలన్నిటినీ ఒకే విడతలో కొత్త వ్యవస్థకి మార్చింది. తరవాత అక్కడి నియంత్రణ సంస్థ చెప్పిన మాట చూడండి, డేటా మాత్రం సక్రమంగానే చేరిందట! చేరిన చోటే అన్నీ కుప్పకూలాయి. లక్షల మంది తమ ఖాతాల్లోకి తాము వెళ్ళలేకపోయారు. పరిస్థితి పూర్తిగా మామూలు అయ్యేసరికి ఆ డిసెంబరు వచ్చింది. 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. 2023లో అప్పటి ఐటీ పెద్దకి కూడా విడిగా జరిమానా వేశారు. కాపీ చేసిన ఇంజినీరుకి కాదు, అన్నీ సిద్ధంగా ఉన్నాయని బోర్డుకి చెప్పిన పెద్దకి. ఈ తేడా నాకు బాగా నచ్చింది.

2019లో మైస్పేస్ వాళ్ళు ఒక సర్వర్ల మార్పిడిలో, మూడేళ్ళకి పైబడిన పాటలూ ఫొటోలూ వీడియోలూ పోయి ఉండొచ్చని చావు కబురు చల్లగా చెప్పారు. ఎంతమంది మొదటి పాట అందులో ఉండిపోయిందో.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది మనవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. రెండో మెషీనుకి డేటా మళ్ళీ కాపీ చేద్దామని, దానిలో ఉన్న ఫోల్డరు ఖాళీ చెయ్యబోయి, ఒక ఇంజినీరు పొరపాటున అసలు మెషీను మీద తుడిచేశాడు. ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, రోజూ జరగాల్సిన డంపు వెర్షను తేడా వల్ల చాలాకాలంగా జరగడమే లేదు. జరగడం లేదని చెప్పే మెయిళ్ళు కూడా దారిలోనే తిరస్కరించబడ్డాయి. చివరికి ఎవరో పరీక్షల కోసం చేత్తో తీసిన ఆరు గంటల నాటి స్నాప్‌షాట్ కాపాడింది. ఆ కంపెనీ చేసిన మంచి పని, జరిగిందంతా దాచకుండా బయటపెట్టడం, ఆ ఇంజినీరు మెడకి చుట్టకపోవడం. ఆయన్ని తీసెయ్యలేదు.

మా దగ్గర? "ఎవరు చేశారు?" అన్నది మీటింగులో మొదటి ప్రశ్న. నేను చెయ్యెత్తాను. రిహార్సల్ కి టైమెందుకు ఇవ్వలేదన్న ప్రశ్న చివరిదాకా రాలేదు. నా తప్పు నాది, దాంట్లో వాటాలు పంచనక్కర్లేదు. కానీ ఆ రోజు నాకు అర్థమైందేంటంటే, మొదటి ప్రశ్న "ఎవరు" అయిన చోట రెండోసారి ఎవరూ ఫోన్ చేసి "ఏదో తేడాగా ఉందండీ" అని చెప్పరు. తప్పుని తొమ్మిదో రోజు పట్టుకోవాలా తొంభయ్యో రోజు పట్టుకోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇంతకీ మరి ఎలా చెయ్యాలి? ఇప్పుడు నేను పాటించేవి ఇవి. ఇందులో కొత్త కనిపెట్టుడు ఏమీ లేదు.

1. ముందు చుట్టాల జాబితా రాయాలి. ఈ డేటాబేసుతో ఎవరెవరు మాట్లాడుతున్నారు? అప్లికేషన్ ఒక్కటే అనుకుంటాం. నెలాఖరున అకౌంట్సు ఆయన ఎక్సెల్ నుంచి లాగే రిపోర్టు ఒకటుంటుంది. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒకాయన పెట్టిన క్రాన్ జాబ్ ఒకటుంటుంది. ఒక నెలపాటు కనెక్షన్లు గమనిస్తే గానీ నెలకోసారి వచ్చే చుట్టం కనబడడు.

2. మెషీనుతో పాటు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతుంటే, డేటా ఫైళ్ళు ఉన్నవున్నట్టు తేవద్దు. డంపు తీసి తిరిగి ఎక్కించండి, లేదా లాజికల్ రెప్లికేషన్ వాడండి. అప్పుడు ఇండెక్సులు కొత్త మెషీను వరుసలోనే కడతారు. లాజికల్ రెప్లికేషన్ అయితే సీక్వెన్సుల ప్రస్తుత విలువలు వచ్చాయో లేదో విడిగా చూసుకోండి, నేను వాడిన వెర్షన్లలో అవి రావు. ఫైళ్ళే తేవాల్సి వస్తే, జనాన్ని లోపలికి రానిచ్చే ముందే పదాల మీద ఉన్న ఇండెక్సులన్నీ తిరగకట్టండి. ఆమ్‌చెక్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, ఇండెక్సు వరుస తప్పిందేమో అదే చూసి చెబుతుంది.

3. డేటాబేసూ ఫైళ్ళూ ఒకే క్షణానివి కావాలి. అప్లికేషన్ ఆపడం కుదరకపోతే, ముందు డేటాబేసు కాపీ, తరవాత ఫైళ్ళ కాపీ. అప్పుడు మహా అయితే కొన్ని ఫైళ్ళు ఎక్కువొస్తాయి. తిరగేసి చేస్తే, డేటాబేసులో పేరుండి డిస్కు మీద లేని రిపోర్టులు వస్తాయి. ఆర్‌సింక్ మామూలుగా సైజూ, సమయమూ మాత్రమే చూస్తుంది. లోపలి సరుకు కూడా పోల్చమని ఒక్కసారైనా చెప్పాలి. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

4. రిహార్సల్‌లో కొత్త మెషీనుని ఒకసారి రీబూట్ చెయ్యండి. డిస్కు మౌంటు చేత్తో చేసి, రీబూట్ అయితే తనంతట తాను అవ్వాలన్న లైను రాయడం మర్చిపోయేవాళ్ళు కోకొల్లలు. మూడు నెలల తరవాత కరెంటు పోయి లేచినప్పుడు, మౌంటు లేని ఖాళీ ఫోల్డరులోకి కొత్త రిపోర్టులు రాసుకుంటూ పోతుంది. పాతవేమయ్యాయని మీరు గుండె పట్టుకుంటారు.

5. వెనక్కి రాలేని గీత ఎక్కడుందో ముందే కాగితం మీద రాయండి. కొత్త మెషీనులో మొదటి కొత్త రికార్డు పడ్డ క్షణమే ఆ గీత. దాని తరవాత వెనక్కి వెళ్ళాలంటే కొత్త రికార్డుల్ని కూడా వెంట తీసుకెళ్ళాలి. కాబట్టి ఆ గీతకి ఇవతలే చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేసెయ్యాలి. ఫలానా సమయానికి ఇవి పూర్తికాకపోతే పాతదానికే పోతాం అని ఒక గంట కూడా రాసుకోవాలి. రాత్రి మూడింటికి నిద్రమొహంతో తీసుకునే నిర్ణయాలు నిర్ణయాలు కావు.

6. పాత మెషీనుని కనీసం నెల రోజులు ఉంచండి. ఎవరూ రాయకుండా తలుపులేసి ఉంచండి, లేకపోతే మర్చిపోయిన క్రాన్ జాబ్ ఏదో దాన్లోనే రాసుకుంటూ కూర్చుంటుంది. నెల అద్దె ఎంతవుతుందో, ఐదు సాయంత్రాలు ఏడుగురు కూర్చుంటే ఎంతవుతుందో మీ మేనేజరుగారినే లెక్క వెయ్యమనండి.

7. మార్చినవాడే సరిచూడకూడదు. నేను రాసిన కోడ్‌ని నేనే పరీక్షిస్తే నాకు కావాల్సింది నాకు కనబడుతుంది. రోజూ ఆ సిస్టమ్ వాడే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. పది రికార్డులు మీరు ఏరకండి, వాళ్ళని ఏరనివ్వండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "ఇవన్నీ పాత రోజుల కష్టాలు బాబూ, ఇప్పుడంతా క్లౌడులో మేనేజ్డ్ సర్వీసులు, బటన్ నొక్కితే అయిపోతుంది" అని. కొంత నిజమే. డిస్కు మౌంటు బాధలు, రెప్లికా పెట్టే బాధలు తగ్గాయి. కానీ అక్కడికి చేర్చాల్సింది మీరే. చేరింది సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది కూడా మీరే. 1-31 ముందా 12-45 ముందా అన్నది మీ వ్యాపారానికి ముఖ్యమని ఏ బటనుకీ తెలియదు. బటన్ వల్ల నొక్కడం తేలికైంది, అంతే.

రెండో అభ్యంతరం డబ్బు, టైము. చిన్న కంపెనీ, నలుగురే ఉన్నారు, మూడు వారాలు ఎక్కణ్ణుంచి తేవాలి? ఇది అబద్ధపు అభ్యంతరం కాదు, నేను ఆ నలుగురిలో ఒకణ్ణి. అన్నీ చెయ్యలేకపోతే రెండు చెయ్యండి. ఒక పూర్తి రిహార్సల్, పాత మెషీను ఒక నెల. ఈ రెంటికీ అడ్డు చెప్పే మేనేజరుకి, ఆ రిస్కు ఎవరిదో ఒక మెయిల్ లో మర్యాదగా రాసి పెట్టండి. బెదిరించడానికి కాదు. రాసి పెడితే ఆయన కూడా ఒకసారి ఆగి ఆలోచిస్తారు. నేను ఆ జూన్‌లో నోటితో కూడా అడగలేదు. అడిగితే చేతకానివాడనుకుంటారేమోనని భయం. ఆ భయం ఎంత ఖరీదైందో తరవాత తెలిసింది.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఫోనులో గంటసేపు ఇదంతా విన్నాక "నువ్వు మరీ భయపెడుతున్నావురా" అని పెట్టేశాడు. పది రోజుల తరవాత మళ్ళీ చేశాడు. రిహార్సల్ చేశాడట. మూడు గంటలనుకున్నది ఏడు గంటలు పట్టిందట. ఇండెక్సులు కట్టడానికే సగం సమయం పోయిందట. పైగా నెలాఖరు రిపోర్టు ఒకటి నేరుగా పాత మెషీను ఐపీ అడ్రసుకే వెళ్తోందని అప్పుడే బయటపడిందట. శనివారాన్ని నెల తరవాతకి జరిపారు. వాళ్ళ మేనేజరు సణిగాడట. సణగనివ్వు అన్నాను.

అమ్మకి ఈ కథంతా చెబితే ఒకటే మాటంది. "లారీ వెళ్ళకముందు జాడీ మూత తీసి చూడాలిరా, నేనూ ఆ రోజునుంచే నేర్చుకున్నా."

మరి మీ సంగతేంటి? మీ దగ్గరున్న బ్యాకప్‌ని చివరిసారి ఎప్పుడు వేరే మెషీను మీద ఎక్కించి, తెరిచి చూశారు? తారీఖు గుర్తొస్తే సంతోషం. గుర్తురాకపోతే ఈ శనివారం దానికే పెట్టుకోండి.